రెండువందల పద్నాలుగో బిళ్ల

మూడో మేకు దగ్గరికి వచ్చేసరికి బుచ్చిరాములు ఎడమచెయ్యి మళ్లీ బరువెక్కింది. తుడుపుగుడ్డను కుడిచేతికి మార్చుకుని నాలుగోది తుడిచాడు, ఐదోది తుడిచాడు. గోడకు బిగించిన చెక్కపలక మీద మొత్తం పన్నెండు మేకులు. పొద్దున్నే ముందు మేకులు, తర్వాత టేబులు, ఆ తర్వాత కళ్లద్దాలు. అరవై నాలుగేళ్ల వయసులో మార్చుకునే వరస కాదది. తుడవడం అయ్యాక గడప పక్కనున్న బకెట్లో వేళ్లు పెట్టి, ఇసుక పొడిగానే ఉందని తేల్చుకుని కుర్చీలో కూలబడ్డాడు. చేతి బరువు భుజం దాకా పాకింది. రాత్రి తిన్న మక్కగారెలు కడుపులో కాపురం పెట్టాయనుకుని చిటికెడు వాము నోట్లో వేసుకున్నాడు.

నస్పూర్ నుంచి శ్రీరాంపూర్ పోయే రోడ్డు మీద, ఒక రెండంతస్తుల ఇంటి మెట్ల కింద అతని దుకాణం. నిలబడితే తల తగులుతుంది, కూర్చుంటే మోకాళ్లు తగులుతాయి. బోర్డు మీద 'రాములు సెల్ పాయింట్' అని ఉంటుంది. ఆ పేరు మీద ఇంట్లో భార్య వనజకు ఒక శాశ్వత ఫిర్యాదు ఉంది. ఆ పొద్దున టిఫిన్ డబ్బా అందిస్తూ కూడా అదే అంది.

"ఊరందరి సెల్లు బాగు జేస్తవు గని, మన ఇల్లు ఎన్నడు బాగు జేస్తవయ్యా? వంటింట్ల రేకు కారవట్టి రెండు వానకాలాలైతుంది."

"కూరల కారం తక్కువైంది కదనే. రేకన్న కారనీయి."

వనజ నవ్వలేదు. నవ్వు కొంగులో దాచుకుని లోపలికి పోయింది. ముప్పై ఎనిమిదేళ్ల సంసారంలో అతని మాటలకు ఎదురుగా నవ్వితే ఇంకో నాలుగు వినాల్సి వస్తుందని ఆమెకు తెలుసు.

బొగ్గుబాయి పైన ల్యాంపు రూములో అతను ముప్పై మూడేళ్లు పనిచేశాడు. కార్మికులు నెత్తి టోపీకి తగిలించుకుని దిగే బత్తీలను కడగడం, బ్యాటరీలకు నీళ్లు పోయడం, వరసగా రాక్‌కు ఎక్కించి చార్జి పెట్టడం అతని పని. రోజుకు ఆరువందల బత్తీలకు చార్జి పెట్టినవాడు, ఎన్నడూ ఏ పదవికీ చార్జి తీసుకోలేదు. చేరినప్పుడు ల్యాంపు రూము మజ్దూర్, దిగిపోయినప్పుడూ అదే. ఆ బ్యాటరీల్లోని ఆసిడ్ అతని చొక్కాలన్నిటికీ జల్లెడ చిల్లులు పెట్టి, కుడిచేతి రెండు వేళ్ల మీద తెల్లటి మచ్చలు మిగిల్చింది. బాయి లోపలికి అతను దిగింది లెక్కకు నాలుగైదుసార్లే. అందరినీ వెలుగిచ్చి చీకట్లోకి పంపి, తాను ఎండలో ఉండిపోయినవాడు.

బాయి దగ్గర ఒక ఆచారం ఉంది. దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను ల్యాంపువాడికి ఇచ్చి బత్తి తీసుకుంటాడు. బిళ్ల మేకుకు ఎక్కుతుంది. షిఫ్టు దిగాక బత్తి తెచ్చి బల్ల మీద పెడితే, ల్యాంపువాడు దాన్ని చూసి, మేకు మీది బిళ్ల తీసి అతని చేతిలో పెడతాడు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత మొనగాడైనా, ఎవడి బిళ్ల వాడు చెయ్యి చాపి తీసుకునేది లేదు. మేకు మీద బిళ్ల ఉందంటే మనిషి ఇంకా భూమి కిందనే ఉన్నాడని అర్థం. మేకులన్నీ బోసిపోయినప్పుడే ల్యాంపువాడికి నిండుగా ఉంటుంది.

కొత్తరకం బత్తీలు వచ్చి పాత బిళ్లలు తుక్కులో పోతుంటే బుచ్చిరాములు ఒక పిడికెడు అడిగి తెచ్చుకున్నాడు. బాగుచేసిన సెల్లును ఎవరైనా ఒక రోజు వాడి చూస్తామని పట్టుకుపోతే, వాళ్ల చేతికి ఒక బిళ్ల ఇచ్చి, మళ్లీ వాళ్ల చేతనే ఇప్పించుకుని మేకుకు వేస్తాడు. సెల్లు తిరిగొచ్చి తాను చూసి సరేననుకుంటే బిళ్ల దిగుతుంది. బిళ్ల దిగేదాకా తాను దుకాణం దిగడు. కుర్రకారుకు ఇదొక ఆట. పక్క చాయ్ బండి బాబు మియాకు ఇదొక తలనొప్పి.

"క్యా భాయ్, ఆరు గొట్టింది, బంద్ జెయ్యవా? నువ్వు కూసుంటె నేను గూడ కూసోవాలె. నీ సోపతికి నా నడుము వోతుంది."

"నీ చాయ్‌ల పాలు వోతలేవు గని, నడుము వోతుందా?"

వ్యాపారంలో బాబు మియా ఎన్నడూ అతన్ని పాలు అడగలేదు గానీ, చాయ్‌లో పాలు తక్కువని అతను మాత్రం రోజూ అడుగుతూనే ఉన్నాడు. పదకొండేళ్లుగా ఇద్దరికీ అదే వినోదం.

వాము ఇంకా నోట్లో ఉండగానే నర్మద స్కూటీ ఆగింది. ఆగక ముందే దిగినట్టు దిగింది. ముప్పై నాలుగేళ్ల పిల్ల. భుజానికి ల్యాప్‌టాప్ సంచి, చేతిలో వేలిముద్రల మిషను, స్కూటీ వెనకాల నిలువుగా కట్టిన ఒక వెదురు గెడ. పింఛన్ తీసుకునే ముసలివాళ్లు ఏటా ఒకసారి తాము బతికే ఉన్నామని నిరూపించుకోవాలి. వేలు పెట్టించి, నెట్ ద్వారా ఆ సంగతి పైకి పంపడం నర్మద పని. ఒకప్పుడు వేలిముద్రగాడని వెక్కిరించిన లోకం, ఇప్పుడు డిగ్రీ చదివినవాణ్ని కూడా వేలిముద్రే వేయమంటుంది.

ఆమె టేబులు మీద పెట్టింది సబ్బుబిళ్లంత తెల్లటి డబ్బా. జేబులో పెట్టుకు తిరిగే హాట్‌స్పాట్. దాని వెనక మూత నోరు తెరిచింది. లోపలి బ్యాటరీ వేడినూనెలో పడ్డ పూరీలా ఉబ్బి తబ్బిబ్బయింది.

"నిన్న మాపటికాడ సచ్చింది కాకా. ఇయ్యాల ఆఖరు తారీకు. మట్టిగుట్ట ఎనక గుడిసెలల్ల నలబై మంది ఉన్నరు, నడవలేనోళ్లు. ఇయ్యాల వేలు వడకపోతే వచ్చే నెల నుంచి పింఛన్ ఆగుతది."

"నీ ఫోన్ల నెట్టు లేదా?"

"ఆడ ఫోన్లకు ఒక్క గీత గూడ రాదు. ఓపెన్‌కాస్టు బాయిల తవ్విపోసిన మట్టిగుట్ట అడ్డం. గీ డబ్బను గెడకు గట్టి పైకి లేపితెనే అందుతది. ఫోన్‌ను గెడకు గడితె, వాళ్ల ఓటీపీలు ఎవరు సూడాలె? నేను గెడెక్కాల్నా?"

"నెట్టు లేకుంట ఇన్నొద్దులు నెట్టుకొచ్చినం గదా బిడ్డా మేము."

"కాకా, నవ్వే టైం గాదు. పవర్ బ్యాంకు తగిలిస్త, నడుస్తదా?"

"నడవది. లోపల బ్యాటరీ లేకుంటె గిది కండ్లు తెరవది."

"అయితె గీ ఉబ్బినదాన్నే అదిమి, టేపేసి ఇయ్యి. ఒక్క దినమే గద కాకా."

బుచ్చిరాములు తల పైకెత్తాడు. ముఖంలో ఉన్న ఆట దిగిపోయింది. ఆ మాట అతను ఇంతకు ముందు ఒకసారి విన్నాడు. అన్నది ఇంకొకరు కాదు, తనే.

ఇరవై ఏళ్ల కిందటి ఒక పొద్దుటి షిఫ్టు. రెండువందల పద్నాలుగో నంబరు బత్తి బ్యాటరీ అప్పటికే చివరికి వచ్చింది. కొత్తవి పెట్టెల్లో ఉన్నాయి, రేపు విప్పుతారు. ఒక్క షిఫ్టే కదా అనుకుని అదే బత్తిని ఓదెలు అనే కార్మికుడికి ఇచ్చాడు. మూడు గంటలకు షిఫ్టు దిగింది. మేకులన్నీ బోసిపోయాయి, ఒక్కటి తప్ప. వెతకడానికి మనుషులు దిగారు. బుచ్చిరాములు ఆ బిళ్ల ఎదురుగా నిలబడి మూడు గంటలు గడిపాడు. ఆ మూడు గంటల్లో అతను తాగిన నీళ్లు లేవు, మొక్కని దేవుడు లేడు. ఆరింటికి ఓదెలు తనంతట తానే వచ్చాడు. జట్టు నుంచి విడిపోయాక బత్తి మసకబారి ఆరిపోయిందట. పట్టాలను చేత్తో తడుముకుంటూ, పాకుతూ, తప్పు మలుపు తిరిగి మళ్లీ వెనక్కి వచ్చి, ఎట్లాగో బయటపడ్డాడు. అరచేతులు చీరుకుపోయాయి. బత్తిని బల్ల మీద పెట్టి, "అన్నా, నీ బత్తి నాకంటె ముందుగాల్నే పండుకున్నది" అని నవ్వాడు. బుచ్చిరాములు బిళ్ల తీసి అతని చేతిలో పెట్టాడు. ఓదెలు ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. చేసి ఉంటే బాగుండేదని బుచ్చిరాములుకు చాలాసార్లు అనిపించింది. తిట్టు తిన్నవాడికి ఆకలి తీరుతుంది. క్షమించబడినవాడు జీవితమంతా పస్తుంటాడు.

తుక్కులోంచి ఏరి తెచ్చుకున్న బిళ్లల్లో ఆ రెండువందల పద్నాలుగు కూడా ఉంది. దాన్ని అతను ఇంతవరకూ ఏ గిరాకీకీ ఇవ్వలేదు.

"ఉబ్బిన బ్యాటరీ అంటె కడుపుల కోపం వెట్టుకున్న మనిషి అసువంటిది బిడ్డా. అదుమొద్దు. రెండు గంటలు కూసో, చేసిస్త."

ప్లాస్టిక్ చీలికతో అంచులు వదులు చేసి, పసిపిల్లను ఎత్తినట్టు బ్యాటరీని బయటికి తీశాడు. కొసన ఉన్న సన్నటి పచ్చ బోర్డును మంట లేవకుండా, గీత పడకుండా విడదీసి పక్కన పెట్టాడు. పనికిరాని ఉబ్బును రెండువేళ్లతో పట్టుకెళ్లి ఇసుక బకెట్లో పూడ్చి, పైన ఇంకో పిడికెడు ఇసుక చల్లాడు. పేలే గుణమున్నదాన్ని ఇసుకలో పెట్టడం బాయి నేర్పిన బుద్ధి.

ఇక దాని స్థానంలో పెట్టేది కావాలి. ఆ మోడలు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కరీంనగర్ నుంచి తెప్పించాలంటే రేపటి బస్సు. సొరుగులన్నీ వెతికాడు. ఒకటి లావు, ఒకటి పొడవు, ఒకటి పేరుకే బ్యాటరీ. చివరికి జేబులోంచి తన ఫోను తీశాడు. మూత ఊడదీసే పాతకాలం ఫోను. పోయిన నెలలోనే కొత్త బ్యాటరీ వేసుకున్నాడు. డబ్బా పక్కన పెట్టి చూస్తే అచ్చు అంతే ఉంది.

"కాకా, నీ ఫోన్ది తీస్తున్నవా? మల్ల నీకు?"

"నాకు ఎవరు ఫోన్ జేస్తరే? మీ వనజ కాకి జేస్తది, కారం తేవాలె అని. ఒక్కరోజు చప్పటి కూర తింట."

వేలిమచ్చల చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఒక్కసారి కూడా వణకలేదు. పాత బోర్డును కొత్త బ్యాటరీకి అతికి, పసుపు టేపు చుట్టి, కొలిచి, లోపల పెట్టి మీట నొక్కాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత పచ్చదీపం వెలిగింది. నర్మద లేచి నిలబడబోయి నెత్తి మెట్లకు కొట్టుకుంది.

"కూసో. ఇంక గంట వడ్తది. ఏది ఎంత సేపు బతుకుతదో సూడకుంట నేను బయటికి పంపను."

ఆ గంటలో బాబు మియా రెండు చాయ్‌లు తెచ్చాడు. బుచ్చిరాములు తనది తాగలేదు. దవడ కింద ఏదో పట్టేసినట్టుంది. డబ్బాను పావుగంటకోసారి బుగ్గకు ఆనించుకుని వేడి చూశాడు. నుదుటి మీది చెమటను బాబు మియా గమనించాడు.

"నవంబర్ల చెమట ఏంది భాయ్? దవాఖానకు నడువ్."

"మాపటికి వోత. జర గిది తేలనీయి."

నర్మద మిషను ముందుకు జరిపింది. "కాకా, లిస్టుల నీ పేరు గూడ ఉన్నది. నలబై ఒకటోది నువ్వే. నెట్టొచ్చింది గద, ముందు నీ వేలు వెట్టు."

"నాది ఆఖర్కు. ముసలోళ్లు పొద్దటి సంది ఎండల కూసున్నరు, నువ్వు నడువ్. ల్యాంపోడు అందరి ఎనుక ఇంటికి వోవాలె."

"నువ్వు ముసలోనివి గాదా?"

"నేను బతికున్న అని మీ కాకి రోజుకు నాలుగుసార్లు ఒర్లుతనే ఉంటది. సర్కారుకు ఇనవడ్తలేదా?"

గంట అయింది. బుచ్చిరాములు రేకు డబ్బాలో చెయ్యి పెట్టి, బిళ్లల్ని కెలికి, అడుగున ఉన్నదాన్ని తీశాడు. ఇత్తడి మీద రెండు, ఒకటి, నాలుగు అంకెలు అరిగి ఉన్నాయి. దాన్ని నర్మద చేతిలో పెట్టి, మళ్లీ చెయ్యి చాపాడు. ఆమె నవ్వుతూ తిరిగి ఇచ్చింది. పన్నెండో మేకుకు వేశాడు.

"నాలుగింటి వరకు వస్త కాకా."

"లేటైతె?"

"ఫోన్ జేస్త." అని, టేబులు మీద రెండు ముక్కలైన అతని ఫోను చూసి నాలిక కరుచుకుంది.

"పో. డబ్బ పట్టుకొనిరా. దాని చార్జి ఎంత దిగిందో నేను సూడాలె. బిళ్ల నా చేతుల నుంచే తీస్కోవాలె, యాదుందా?"

"యాదున్నది ల్యాంపు కాకా."

స్కూటీ వెనక వెదురుగెడ మలుపు దాకా కనిపించి, తర్వాత కనిపించలేదు.

నాలుగు కొట్టింది. ఈలోగా అతను ఒక స్పీకరు మార్చాడు, ఇద్దరికి సిమ్ములు వేసిచ్చాడు, ఒక ముసలమ్మ ఫోనులో అక్షరాలు పెద్దవి చేసి పంపాడు. వనజ ఇచ్చిన డబ్బా మూత తీసి, నిజంగానే కారం లేని ఆనిగెపుకాయ కూర చూసి, మూత పెట్టేశాడు. అయిదు కొట్టింది. ఎండ మెట్ల మీదుగా ఎక్కి పోయింది. పన్నెండో మేకు మీద బిళ్ల అట్లాగే ఉంది.

దవాఖానకు పోదాం లేవమని బాబు మియా రెండుసార్లు వచ్చాడు. "ఆటో పిలుస్త. ఆ పోరి వస్తె నేను తీస్కొని వెడ్త డబ్బ."

"నువ్వు సూస్తె తెలుస్తదా, ఎంత దిగిందో?"

"దీపం ఎలుగుతుందా లేదా, గంతే గద."

"గంతే గాదు మియా." అన్నాడు. పన్నెండో మేకు వైపు చూశాడు. "అది రానీ. రాంగనే వోదాం. ఒట్టు."

బాబు మియా గ్లాసులు కడగడానికి పోయాడు. బుచ్చిరాములు కుర్చీని మేకుల పలక వైపు తిప్పుకుని కూర్చున్నాడు. ఛాతీలో బరువు ఇప్పుడు నొప్పిగా లేదు, ఎవరో చెయ్యి ఆనించి కూర్చున్నట్టుంది. అప్పటి మూడు గంటలు నిలబడి చూశాడు, ఇప్పుడు కూర్చునే వయసు. ఆ పిల్ల గెడ సరిగ్గా కట్టిందో లేదో. టేపు పట్టు వదిలితే? తాను అతికిన ఆ చిన్న బోర్డు వేడెక్కితే? లేదు, గంటసేపు చూశాడు. బుగ్గకు ఆనించుకుని చూశాడు. చల్లగా ఉంది. ఈసారి తొందరపడలేదు. కుడిచేతిని టేబులు మీద, వచ్చేదాన్ని అందుకోవడానికన్నట్టు, వెల్లకిలా పెట్టాడు. రోడ్డు మీద ఒక స్కూటీ చప్పుడు దగ్గరికి వచ్చి, దాటి పోయింది. ఇంకోటి వచ్చింది. అది కూడా దాటింది. మూడోది వచ్చేలోపు అతను కళ్లు మూసుకున్నాడు.

నర్మద వచ్చేసరికి ఆరు దాటింది. దీపాలు వెలిగాయి. బాబు మియా వేలు పెదవి మీద పెట్టుకుని, "జర కన్ను మలిగినట్టుంది. పొద్దటి సంది పానం మంచిగ లేదు. మెల్లగ లేపు, దవాఖానకు తీస్కవోదాం" అన్నాడు.

ఆమె మెట్ల కింద వంగి లోపలికి వచ్చి, గుసగుసగానే మొదలుపెట్టింది. పొద్దంతా ముసలివాళ్లతో మాట్లాడి గొంతు బొంగురుపోయింది. చెప్పకుండా ఆగలేకపోయింది.

"కాకా, నలబై మందికి నలబై అయినయి. సుల్తాన్ బీ నాని వేలు వడకపోతె నిమ్మకాయ వెట్టి తోమినం. ఆఖర్కు ఓదెలు తాత. వేళ్లన్ని అరిగిపోయినయి, ఒక్కటి వడ్తలేదు. గంటన్నర అక్కడ్నే ఐంది. డబ్బ దిగిపోతదేమో అని నాకు భయం, తాత మాత్రం నవ్వుతుండు. ఎవరు బ్యాటరీ వేసిండు అని అడిగిండు. నీ పేరు జెప్పిన. ఇగ చిటికెన వేలు వెట్టిండు, పడ్డది కాకా! నీకు చెప్పమన్నడు. 'గీసారి మీ ల్యాంపోని బత్తి నాకంటె ముందుగాల పండుకోలేదు' అని చెప్పమన్నడు. అంటె ఏంది కాకా?"

టేబులు మీద అతని అరచెయ్యి తెరిచే ఉంది. ఆమె డబ్బాను అందులో పెట్టింది. వేళ్లు ముడుచుకోలేదు. డబ్బా పక్కకు జారింది. కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి, కళ్లు మూసే ఉన్నాయి. ఆమె చెయ్యి పట్టుకుంది. పొద్దున వేడి చూడటానికి అతను డబ్బాను బుగ్గకు ఆనించుకున్నట్టే, ఆ చేతిని తన బుగ్గకు ఆనించుకుంది. అప్పుడు బాబు మియాను పిలిచింది.

తర్వాతి పనులు ఎక్కడైనా జరిగినట్టే జరిగాయి. వచ్చిన డాక్టరు నిమిషం కూడా ఉండలేదు. వనజ వచ్చింది. ఏడ్వకముందు టిఫిన్ డబ్బా మూత తీసి చూసింది. "కారం తక్కువేసిన" అంది, ఎవరితోనో. అప్పుడు ఏడ్చింది. నలుగురు కలిసి అతన్ని ఎత్తితే, మెట్లకు తల తగలకుండా బాబు మియా తన చెయ్యి అడ్డం పెట్టాడు.

అంతా వెళ్లాక దుకాణం మూయడానికి ఇద్దరు మిగిలారు. నర్మద ల్యాప్‌టాప్ తెరిచింది. నలభై ఒక్క పేర్లలో నలభై పేర్ల ముందు బతికే ఉన్నట్టు గుర్తు పడింది. ఒక గడి ఖాళీ. పొద్దున ఆ వేలు పట్టుకుని మిషను మీద పెట్టించి ఉంటే అయిపోయేది. ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టుకుంది.

హాట్‌స్పాట్‌ను టేబులు మధ్యలో, అతను చూసే చోట పెట్టింది. పచ్చదీపం ఇంకా వెలుగుతోంది. దీపం పక్కన బ్యాటరీ గీతల్లో ఒక్కటే తగ్గింది. ఒక్కటే.

బాబు మియా పన్నెండో మేకు వైపు చెయ్యి చాపాడు. "నీదే గదా బేటీ. తీస్కో, యాదికుంటది."

"ఒద్దు చాచా." అంది నర్మద. "ఎవరి బిళ్ల వాళ్లు తీస్కునేది లేదు."

బాబు మియా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ వంగి బయటికి వచ్చారు. తుప్పు పట్టిన షటరు ఒకసారి మొరాయించి, మరుక్షణం పెద్ద చప్పుడుతో నేలను తాకింది. లోపల, డబ్బా మీది పచ్చని వెలుతురులో, రెండువందల పద్నాలుగో బిళ్ల ఆ అదురుకు మేకు మీద కాసేపు ఊగి, నిలిచింది.